మనస్సాక్షి ఓటు, సాక్షుల బోను: 1969 రాష్ట్రపతి ఎన్నిక వివాదం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

భారతదేశపు రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో 1969వ సంవత్సరానికి ప్రత్యేక స్థానమున్నది. రెండవ ప్రాధాన్య ఓట్లను లెక్కించిన తరువాతనే ఫలితం తేలిన ఎన్నిక అదొక్కటే. ఎన్నికైన రాష్ట్రపతి పదవిలో ఉండగా సుప్రీం కోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యమిచ్చినదీ ఆ వివాదంలోనే. ఆ పోటీలో చివరివరకు నిలిచిన ఇద్దరూ తెలుగువారు. ఒకరు గంజాం ప్రాంతపు బరంపురంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరి. మరొకరు అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి.

వేదాంత విద్యార్థులకు ఈ చరిత్ర ఎందుకని చదువరులు అడుగవచ్చును. ఆ ఎన్నికకు కేంద్రమైన మాట 'మనస్సాక్షి'. అది మన వేదాంతంలోని మాట. ఆ మాటతో గెలిచిన ఎన్నిక తుదకు న్యాయస్థానానికి వెళ్ళింది. నేడు మన సంఘాలలోను, డయోసిస్‌లలోను జరిగే ఎన్నికలు కూడ తరచుగా ఈ రెండింటి మధ్యనే నలుగుచున్నవి. గెలిచినవారు తమ మనస్సాక్షి నిర్మలమని చెప్పుకొందురు. ఓడినవారు కోర్టుకు వెళ్తే, విశ్వాసులకు అది తగదని గెలిచినవారే బోధింతురు. మనస్సాక్షికీ, బహిరంగ విచారణకూ మధ్య ఉండవలసిన సంబంధమేమిటో 1969 వివాదం ఆధారంగా పరిశీలించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

1. ఇద్దరు అభ్యర్థులు – వారి పూర్వచరిత్ర

గిరి 1894 ఆగస్టు 10న జన్మించారు. ఐర్లండులోని డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి 1916లో తిరిగి వచ్చారు. ఆ తరువాత ఆయన జీవితం ప్రధానంగా కార్మికోద్యమానికే అంకితమయ్యింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు రెండుసార్లు అధ్యక్షులయ్యారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు రాష్ట్రంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చగా, దానికి ఒప్పుకొనలేక 1954లో రాజీనామా చేశారు.

కోర్టులో ఎన్నికల వివాదం గిరికి కొత్తది కాదు. 1957లో ఆయన పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం నుండి పోటీ చేశారు. రెండు స్థానాలలో ఒకటి షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించబడినది. అయితే రెండింటిలోను గిరిజన అభ్యర్థులే గెలిచారు. 565 ఓట్ల తేడాతో గిరి మూడవ స్థానంలో నిలిచారు. రెండవ స్థానంలో గెలిచిన డిప్పల సూరి దొర ఎన్నిక చెల్లదని ఆయన సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. 1959లో కోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. తెగకు చెందిన అభ్యర్థి ఎక్కువ ఓట్లతో సాధారణ స్థానాన్ని కూడ గెలువవచ్చునన్నది ఆ తీర్పులోని సారాంశం. ఓడిపోయిన అర్జీదారుని స్థానమెట్టిదో గిరికి ఆ విధంగా అనుభవమయ్యింది.

సంజీవరెడ్డి 1913 మే 19న జన్మించారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తరువాత కాంగ్రెస్ అధ్యక్షులుగా ఉండి, 1962లో మరల ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు జిల్లాలో బస్సు మార్గాల జాతీయకరణపై వచ్చిన వ్యాజ్యంలో, రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయుటకే ఆ మార్గాలను ముందుగా ఎంచుకొన్నారన్న ఆరోపణ వచ్చింది. ఆ ఆరోపణకు ముఖ్యమంత్రి ప్రమాణపత్రం ద్వారా జవాబియ్యలేదన్న సంగతిని సుప్రీం కోర్టు గమనించి ప్రతికూలంగా వ్యాఖ్యానించింది. 1964లో ఆయన పదవికి రాజీనామా చేశారు. 1967లో లోక్‌సభ స్పీకరైనప్పుడు ఆ స్థానం పార్టీలకు అతీతముగా ఉండవలెనని కాంగ్రెస్ సభ్యత్వం వదలుకొన్నారు.

ఒకరు కార్మికుల తీర్పు కొరకు మంత్రి పదవిని విడిచారు. ఒకరు కోర్టు మాట కొరకు ముఖ్యమంత్రి పదవిని విడిచారు. 1969 పోటీని మంచికీ చెడుకూ మధ్య జరిగిన పోరాటముగా చూపుట ఈ కారణం చేత సరికాదు.

2. వివాదమునకు దారితీసిన పరిస్థితులు

రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలికంగా రాష్ట్రపతి బాధ్యతలు చేపట్టారు. ఆ సమయానికి ప్రధానమంత్రి ఇందిరాగాంధీకీ, పార్టీలో 'సిండికేట్' అని పిలువబడిన పెద్దలకూ మధ్య స్పర్ధ ముదిరి ఉన్నది. జులైలో బెంగుళూరులో సమావేశమైన కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డులో ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు సూచించగా, అధిక సంఖ్యాకులు సంజీవరెడ్డిని నిర్ణయించారు. ఆమె ఆ నిర్ణయాన్ని అంగీకరించి, సంజీవరెడ్డి నామినేషన్ పత్రంపై తానే ప్రతిపాదకురాలిగా సంతకం చేశారు.

తరువాత సంఘటనలు వేగంగా జరిగాయి. మొరార్జీ దేశాయి వద్దనుండి ఆర్థికశాఖను తొలగించారు. జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. దానిపై సంతకం చేసినది గిరి. బ్యాంకు ఉద్యోగుల విషయంలో 15 సంవత్సరాల క్రితం మంత్రి పదవి విడిచిన వ్యక్తే అదే బ్యాంకులను ప్రభుత్వపరం చేసిన ఆర్డినెన్సుపై సంతకం చేశారు. మరునాడు ఆయన రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. సంజీవరెడ్డి స్పీకరు పదవికి రాజీనామా చేశారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ పక్షాలు సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలిపాయి.

3. మనస్సాక్షి పిలుపు

కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప, రెండవ ప్రాధాన్య ఓట్లను సంజీవరెడ్డికి ఇప్పించమని స్వతంత్ర, జనసంఘ్ నాయకులతో మాట్లాడారు. ఇందిరాగాంధీ వర్గానికి అది అవకాశమిచ్చింది. ప్రతిపక్షాలతో ఒప్పందం చేసుకొన్న పార్టీ తన సభ్యులను బంధింపజాలదని వారు వాదించారు. జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్వేచ్ఛగా ఓటు వేయు హక్కు కోరారు. తన పార్టీ అభ్యర్థికి అనుకూలంగా విప్ జారీ చేయుటకు ప్రధానమంత్రి నిరాకరించారు. ఎవరి మనస్సాక్షి చొప్పున వారు ఓటు వేయవలెనన్న పిలుపు వెలువడింది.

ఈ పిలుపులో కొంత సత్యమున్నది. రాష్ట్రపతి ఎన్నిక రహస్య బ్యాలెట్ ద్వారా జరుగును. దేశాధినేతను ఎన్నుకొనుటలో ప్రజాప్రతినిధి పార్టీ ఆజ్ఞకు మించి ఆలోచింపవలెనన్నది న్యాయమైన మాటే. కాని ఈ పిలుపునిచ్చినవారు తామే ప్రతిపాదించిన అభ్యర్థిని ఓడించుటకు దానిని ఉపయోగించారు. మనస్సాక్షి ఎటు పలుకవలెనో నాయకుల వైఖరిని బట్టి సభ్యులకు ముందే తెలిసి ఉన్నది. అప్పుడది ఎంతవరకు మనస్సాక్షి, ఎంతవరకు మరొక విధమైన విప్?

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక నాల్గవ అధ్యాయంలో దీనికి సంబంధించిన ఆలోచన ఉన్నది. తనలో తనకు ఏ దోషమూ కనబడకపోయినను అంతమాత్రాన తాను నిర్దోషిగా తేలినట్లు కాదని ఆయన భావము. తనను విమర్శించువాడు వేరొకడున్నాడు. మనస్సాక్షి అవసరమే, అయితే అది తన కేసులో తానే తుది తీర్పరి కాజాలదు. ఈ నియమాన్ని రాజకీయాలకు అన్వయించిన యెడల, మనస్సాక్షి పేరిట జరిగిన ప్రతి కార్యమును బయట నుండి పరీక్షించుటకు ఒక స్థలముండవలెను. 1969 వివాదంలో ఆ స్థలం సుప్రీం కోర్టు.

4. లెక్కింపు

1969 ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు జరిగాయి. బరిలో 15 మంది ఉన్నారు. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలుపుకు కావలసిన కోటా 4,18,169. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ కోటా రాలేదు. తక్కువ ఓట్లు వచ్చినవారిని వరుసగా తొలగించి వారి తదుపరి ప్రాధాన్యాలను పంచగా, గిరి 4,20,077కు, సంజీవరెడ్డి 4,05,427కు చేరారు. తేడా 14,650.

ఈ అంకెలు రెండు సంగతులు తెలుపుచున్నవి. మొదటిది: పంపిణీలో గిరికి అదనంగా వచ్చినవి 18,562 మాత్రమే, సంజీవరెడ్డికి 91,879 వచ్చాయి. నిజలింగప్ప కోరిన రెండవ ప్రాధాన్య ఓట్లు చాలావరకు వచ్చాయి గాని సరిపోలేదు. రెండవది: అప్పట్లో ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. గిరి వైపున్న పార్లమెంటు సభ్యులలో 13 మంది సంజీవరెడ్డికి ఓటు వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది. ఇంత స్వల్పమైన తేడాతో తేలిన ఎన్నికలో, ఓటర్లను ఎవరైనా తప్పుదారి పట్టించారా అన్న ప్రశ్న పుట్టుట సహజము.

5. కరపత్రం – న్యాయ విచారణ

ఎన్నికకు ముందు సంజీవరెడ్డి శీలాన్ని దూషిస్తూ పేరులేని ఒక కరపత్రం వెలువడింది. అది సభ్యులకు తపాలా ద్వారా చేరిందనీ, పార్లమెంటు సెంట్రల్ హాలులో పంచబడిందనీ అర్జీదారులు ఆరోపించారు. మనస్సాక్షి గురించి ఎక్కువగా మాట్లాడిన ఆ ఎన్నికలోనే, పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞను ఇంత నీచముగా మీరుట జరిగింది. వ్రాసినవారు పేరు పెట్టుకొనలేదు. పేరులేని నింద ఏ మనస్సాక్షికీ జవాబుదారీ కాదు.

గిరి ఎన్నిక చెల్లదంటూ సుప్రీం కోర్టులో నాలుగు పిటిషన్లు దాఖలయ్యాయి. వాటిలో శివకృపాల్ సింగ్ పిటిషన్ పేరుతో ఆ తీర్పు న్యాయ గ్రంథాలలో ప్రసిద్ధి చెందింది. రాజ్యాంగం 71వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఎన్నిక వివాదాలను విచారించు అధికారం సుప్రీం కోర్టుదే. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సాక్షులను పిలిచి విచారించింది. ఒక సాక్షి మాటను ఖండించుటకు టేపుపై రికార్డయిన సంభాషణను అంగీకరింపవచ్చునా అన్న ప్రశ్న కూడ ఇందులోనే వచ్చింది. అంగీకరింపవచ్చునని కోర్టు చెప్పిన ఆ మాట సాక్ష్యాధారాల చట్టంలో నేటికీ ఉదహరింపబడుచున్నది.

ఆ విచారణలో రాష్ట్రపతి గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చారు. ఆయనకప్పుడు 75 సంవత్సరాలు. తీర్పులన్నీ అమలగునది ఎవరి పేరిట ఏర్పడిన ప్రభుత్వంచేతనో, ఆ వ్యక్తియే ప్రమాణం చేసి ప్రతిపక్ష న్యాయవాది ప్రశ్నలకు జవాబిచ్చారు. 1964 బస్సు మార్గాల వ్యాజ్యంలో జవాబియ్యకుండుట సంజీవరెడ్డికి ఎంత నష్టం తెచ్చినదో పైన చూచితిమి. గిరి జవాబిచ్చుటను ఎంచుకొన్నారు.

1970లో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. అనుచిత ప్రభావపు నేరం గిరి చేసినట్లుగాని, ఆయన ఎరుకతో ఇతరులు చేసినట్లుగాని రుజువు కాలేదు. దానివలన ఫలితం మారినదనుటకును రుజువు లేదు. కరపత్రం నీచమైనదైనను, చేయించినట్లు రుజువుకాని వ్యక్తిని దానికి శిక్షింపరాదు. ఈ విచక్షణయే న్యాయస్థానపు పని. వీధిలోని కోపం ఈ విచక్షణ చేయజాలదు.

6. తలుపు మూయుట, తెరచుట

తీర్పుతో వివాదం ముగిసిననూ దాని ఫలితాలు చట్టంలో చాలాకాలం కనబడినవి. 1974లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అభ్యర్థికి 10 మంది ప్రతిపాదకులు, 10 మంది బలపరచువారు, 2,500 రూపాయల డిపాజిట్ ఉండవలెనని నిర్ణయించింది. ఎన్నికను సవాలు చేయవలెనంటే అభ్యర్థియైనను ఉండవలెను, లేదా కనీసం 20 మంది ఓటర్లైనను కలిసి రావలెను. వట్టి ప్రచారం కొరకు వచ్చు అర్జీలను ఆపుటకు ఇది సబబైన ఏర్పాటే.

1975 ఎమర్జెన్సీలో వచ్చిన 39వ రాజ్యాంగ సవరణ అట్టిది కాదు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి, స్పీకరు ఎన్నికల వివాదాలను అది న్యాయస్థానాల పరిధి నుండి తప్పించింది. గిరి నడిచి వెళ్ళిన కోర్టు తలుపు ఆ సవరణతో మూయబడింది.

1969లో ఓడిన సంజీవరెడ్డి రాజకీయాలకు దూరంగా స్వగ్రామపు వ్యవసాయానికి వెళ్ళి, 1975లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమ కాలంలో తిరిగి వచ్చారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాలలో 41 కాంగ్రెస్ గెలువగా, జనతా పార్టీకి దక్కినది ఆయన గెలిచిన నంద్యాల ఒక్కటే. మరల స్పీకరై, అదే సంవత్సరం జులైలో రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. దాఖలైన 37 నామినేషన్లలో 36 పరిశీలనలో తిరస్కరింపబడినవి. ఎనిమిదేళ్ళ క్రితం 14,650 ఓట్ల విలువతో తప్పిన పదవి ఒక్క ఓటూ పడకుండానే దక్కింది.

1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ రాష్ట్రపతి ఎన్నిక వివాదాలను మరల సుప్రీం కోర్టుకు అప్పగించింది. 1979 ఏప్రిల్ 30న దానికి ఆమోదం తెలిపిన రాష్ట్రపతి సంజీవరెడ్డియే. ఏ కోర్టులో తన పక్షానికి అనుకూలమైన తీర్పు రాలేదో, ఆ కోర్టు తలుపును తరువాతి వారి కొరకు తెరచిన సవరణపై ఆయన సంతకమున్నది. చరిత్రకారులు ఈ సంగతిని అంతగా గమనింపలేదు గాని, 1969 వివాదానికి నిజమైన ముగింపు ఇదేనని నా అభిప్రాయము.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతి కూడ ఒకటున్నది. 1980 జనవరిలో ఇందిరాగాంధీ సంగారెడ్డి ప్రాంతం చేరియున్న మెదక్ స్థానం నుండి, రాయ్‌బరేలీ నుండి గెలిచి, మెదక్‌నే ఉంచుకొన్నారు. మెదక్ ప్రతినిధి చేత ప్రధానమంత్రిగా ప్రమాణం చేయించిన రాష్ట్రపతి సంజీవరెడ్డి. మనస్సాక్షి పిలుపుతో తనను ఓడించిన నాయకురాలికి ఆయన రాజ్యాంగం చెప్పినట్లు అధికారమప్పగించారు.

7. పడమటి ఆఫ్రికా నుండి రెండు ఉదాహరణలు

ఇట్టి ముగింపు ఎల్లప్పుడు లభింపదు. కోత్ దివ్వార్‌లో 2010 నవంబరు 28న జరిగిన అధ్యక్ష ఎన్నికలో అలస్సాన్ వట్టారా గెలిచినట్లు ఎన్నికల సంఘం ప్రకటించింది. రాజ్యాంగ మండలి ఉత్తర ప్రాంతపు ఓట్లు కొన్నిటిని రద్దుచేసి లోరాన్ బాగ్బో గెలిచినట్లు ప్రకటించింది. ఇద్దరూ ప్రమాణస్వీకారం చేశారు. 2011 ఏప్రిల్ 11న బాగ్బో నిర్బంధింపబడు వరకు జరిగిన హింసలో 3,000 మంది మరణించారు. అక్కడ విచారించు సంస్థ లేకపోలేదు. అది ఒక పక్షపు సంస్థయని రెండవ పక్షం నమ్మింది.

పొరుగునున్న ఘనాలో 2012 డిసెంబరు ఎన్నికలో జాన్ మహామా 50.70 శాతంతో గెలువగా, నానా అకుఫో-అడ్డో సుప్రీం కోర్టుకు వెళ్ళారు. విచారణను ప్రజలు టెలివిజన్‌లో నెలల తరబడి చూచారు. 2013 ఆగస్టు 29న కోర్టు పిటిషన్‌ను కొట్టివేయగా, అకుఫో-అడ్డో ఆ తీర్పుతో తాను ఏకీభవింపకపోయినను అంగీకరించుచున్నానని చెప్పి మహామాను అభినందించారు. 2016లో ఆయనే గెలిచారు. 2024లో మహామా మరల గెలిచారు. సంజీవరెడ్డి చరిత్ర తెలిసినవారికి ఈ కథ అపరిచితముగా తోచదు.

8. సంఘమునకు వర్తించు సంగతులు

పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో పనిచేయువారు శ్రీకాకుళం నుండి, ఒరిస్సా నుండి, బీహారు నుండి వచ్చినవారు. గుర్తింపు సంఘం ఎన్నిక రహస్య బ్యాలెట్‌తో జరిగినప్పుడు యూనియన్ల మధ్య పట్టుదల తీవ్రంగా ఉండును. గెలిచిన యూనియన్ వాడును, ఓడిన యూనియన్ వాడును ఆదివారం ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుటకు వచ్చుదురు. వారు సోమవారం మరల ఒకే షిఫ్టులో నిలువవలెను. ఎన్నిక తరువాతి జీవితమును గూర్చిన బోధ వారికి అవసరము. ఆ బోధ చేయవలసిన మన సంఘాలలోనే పాస్టరేట్ కమిటీ ఎన్నికకు పేరులేని ఉత్తరాలు, ఓటర్ల జాబితాలో మార్పులు, ఏండ్ల తరబడి వ్యాజ్యాలు కలిగినప్పుడు మనమేమి బోధింపగలము?

మొదటిది, మనస్సాక్షి మాట ఎత్తువాడు విచారణకు సిద్ధపడవలెను. సమూయేలు వృద్ధాప్యమందు ఇశ్రాయేలీయుల యెదుట నిలిచి, తాను ఎవరి ఎద్దునైనను గాడిదనైనను తీసికొనినయెడల చెప్పుమని అడిగిన సంగతి మొదటి సమూయేలు 12వ అధ్యాయంలో ఉన్నది. ఆయన జవాబుదారీ ప్రజలందరి యెదుట జరిగింది.

రెండవది, కొరింథీయులకు మొదటి పత్రిక 6వ అధ్యాయాన్ని గెలిచినవారు తమకు డాలుగా వాడుకొనరాదు. సహోదరులు అన్యాయస్థుల యెదుట వ్యాజ్యెమాడుటను పౌలు గద్దించాడు. అయితే సంఘంలోనే తీర్పు తీర్చగల జ్ఞాని ఒకడుండవలెనని కూడ అక్కడే ఆశించాడు. ఆ రెండవ భాగమును నెరవేర్పని సంఘానికి మొదటి భాగము చదివి వినిపించు హక్కు లేదు. పౌలు తానే న్యాయము దొరకని చోట కైసరు ఎదుట చెప్పుకొందునన్నాడు. ఎన్నిక నడిపినవారు కాక వేరొకరు, ఇరు పక్షాలు నమ్మదగినవారు, ఫిర్యాదులను వినునట్లు సంఘ నియమావళిలోనే ఏర్పాటు ఉండవలెను.

మూడవది, ఓడినవాడు తీర్పును అంగీకరించుట పిరికితనము కాదు. అంగీకరించినను తన అభిప్రాయమును విడువనక్కరలేదు.

ముగింపు

1969లో ఓటు వేసిన సభ్యులలో ఎవరి మనస్సాక్షి నిర్మలమో దేవునికే తెలుసును. రహస్య బ్యాలెట్ దానిని మనకు చెప్పదు. మనకు కనబడునవి ఇద్దరు మనుష్యుల బహిరంగ క్రియలు. గెలిచినవాడు పదవిలో ఉండగానే సాక్షుల బోనుకు వచ్చాడు. ఓడినవాడు పదవికి వచ్చినప్పుడు ఆ బోనుకు దారిని తిరిగి తెరచాడు. 1980 జూన్ 24న గిరి మద్రాసులో మరణించినప్పుడు దేశానికి రాష్ట్రపతిగా ఉన్నది సంజీవరెడ్డియే. సంఘ ఎన్నికలలో నిలువదలచిన ప్రతి సేవకుడును నామినేషన్ వేయుటకు ముందే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుట మంచిది. గెలిచినయెడల ఎవరి యెదుట లెక్క అప్పగింతును? ఓడినయెడల ఎవరి తీర్పును అంగీకరింతును?